చలికాలంలో విద్యుత్ స్కూటరు బాటరీ: పాల సంఘ సభ్యులు తీసుకోవలసిన జాగ్రత్తలు

మన సంఘాలకు పాలు చేర్చే సాధనాలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. కావడి పోయి సైకిలు వచ్చింది. సైకిలు తరువాత మోపెడ్ వచ్చింది. ఇప్పుడు పలు గ్రామాలలో విద్యుత్ స్కూటర్లు పాల క్యాన్లను మోస్తున్నాయి. పెట్రోలు ఖర్చు లేదు, ఇంటి వద్దనే చార్జింగు పెట్టుకోవచ్చు, నడపడం సులువు. అందువలన సభ్యులు వీటిని ఇష్టపడడంలో వింత లేదు.

అయితే మార్గశిరం ప్రవేశించగానే మా పర్యటనలలో తరచు ఒకే ఫిర్యాదు వినవస్తుంది. "నిన్న మొన్నటి దాకా బాగానే నడిచిందండీ. ఇప్పుడు కేంద్రం చేరకముందే ఆగిపోతున్నది. బాటరీ చచ్చిపోయినట్లుంది" అని సభ్యులు చెబుతారు. కొందరు అప్పటికే కొత్త బాటరీకి బేరం కుదుర్చుకొని ఉంటారు. మరి కొందరు బాటరీని విప్పి పొయ్యి పక్కన పెట్టి వెచ్చచేస్తుంటారు. మొదటి పని వలన డబ్బు నష్టం. రెండవ దాని వలన ఇల్లే అంటుకోవచ్చు.

బాటరీ ధర స్కూటరు ధరలో పెద్ద భాగం. తొందరపడి దానిని మార్చితే ఎన్నో పక్షాల పాల బిల్లు దానికే చెల్లిపోతుంది. మరొక వైపు, దారిలో బండి ఆగితే పాలు ఆగుతాయి. పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే క్యానులోకి వస్తాయి. నిండు క్యాను చలిగాలిలో కూడా త్వరగా చల్లారదు. కేంద్రంలోని కూలరులో 4 డిగ్రీలకు దిగేదాకా ప్రతి నిమిషం లెక్కలోకి వస్తుంది. కావున చలికి బాటరీ ఎందుకు మందగిస్తుందో, దేని వలన చెడుతుందో సభ్యులు విడివిడిగా తెలుసుకొనుట అవసరం.

మన ప్రాంతపు చలి

మన రాష్ట్రాలలో మంచు పడే చలి లేదు. అయినప్పటికీ డిసెంబరు, జనవరి నెలలలో ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలలోను, జహీరాబాదు వైపున, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతాలలోను తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్న దిగువకు పోవడం మామూలే. లంబసింగిలో కొన్ని రోజులు సున్న దరిదాపులకు కూడా దిగుతుంది. పాలు పితికి కేంద్రానికి బయలుదేరే వేళే రోజు మొత్తంలో అతి చల్లని వేళ. ఆఫీసులకు పోయేవారి బండి పది గంటల ఎండలో కదులుతుంది. మన సభ్యుల బండి అయిదు గంటలకే, పైన క్యాన్ల బరువుతో కదలాలి.

చలికి బాటరీలో జరిగేదేమి?

చలికాలంలో నెయ్యి సీసాను వంచి చూడండి. నెయ్యి పేరుకొని జారదు. సీసాలో నెయ్యి తరిగిపోలేదు, బయటకు రావడం లేదు, అంతే. కాస్త ఎండ తగిలితే మళ్ళీ ధారగా వస్తుంది. బాటరీ సంగతి కూడా చాలవరకు ఇంతే. దానిలోని ద్రవం చలికి చిక్కబడుతుంది, రసాయనిక చర్య నెమ్మదిస్తుంది. బాటరీ లోపలి నిరోధం పెరుగుతుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు అడుగుతుంది. అప్పుడు వోల్టేజి చటుక్కున పడిపోతుంది. వోల్టేజి ఒక హద్దు కన్న తగ్గినప్పుడు, బాటరీని కాపాడే ఉద్దేశంతో, బండిలోని కంట్రోలరు మోటారుకు కరెంటు తగ్గిస్తుంది, లేదా పూర్తిగా ఆపివేస్తుంది. లోపల ఇంకా కొంత శక్తి మిగిలి ఉండగానే బండి ఆగడానికి కారణం ఇదే.

ఈ తగ్గుదల తాత్కాలికం. బాటరీ వెచ్చబడితే శక్తి తిరిగి వస్తుంది. చలిలో నడిపినంత మాత్రాన బాటరీ చెడదు.

చార్జింగు సంగతి వేరు. లిథియం బాటరీని చార్జి చేసేటప్పుడు లిథియం కణాలు ఒక వైపు నుండి కదలివచ్చి గ్రాఫైటు పొరలలో దూరి కూర్చుంటాయి. మరీ చల్లగా ఉన్నప్పుడు అవి లోనికి త్వరగా దూరలేవు. కేంద్రంలో పాలు పరీక్షించేవారు ఒక్కరే ఉండి, పాలు తెచ్చేవారు ఒక్కసారిగా వస్తే క్యాన్లు గుమ్మం బయటనే పేరుకుపోతాయి కదా! అదే విధంగా లిథియం లోనికి పోలేక గ్రాఫైటు పైననే లోహపు పూతగా పేరుకుంటుంది. ఇట్లు పేరుకున్న దానిలో చాలా భాగం తిరిగి పనికి రాదు. బాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. పూత ముళ్ళవలె పెరిగితే లోపల షార్టు సర్క్యూటు అయ్యే ప్రమాదం కూడా కలదు. సున్న డిగ్రీల దిగువన లిథియం బాటరీని చార్జి చేయరాదనే నియమానికి కారణం ఇదే. సున్నకు పైన ఉన్నా, అయిదారు డిగ్రీల చలిలో వేగపు చార్జింగు మంచిది కాదు.

చలిలో నడపడం వలన దూరం మాత్రమే తగ్గుతుంది. చలిలో చార్జింగు పెట్టడం వలన బాటరీ ఆయువు తగ్గుతుంది. సభ్యులు ఈ రెండింటికీ గల తేడాను గుర్తుంచుకొనవలెను.

మీ బండిలో ఉన్నది ఏ బాటరీ?

జాగ్రత్తలు పాటించే ముందు బాటరీ రకం తెలియాలి. రకం పేరు సాధారణంగా బాటరీ పెట్టె మీద, బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

సీసపు బాటరీ పాత రకం. 1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే దీనిని రూపొందించాడు. ట్రాక్టర్లలోను, ఇళ్ళలోని ఇన్వర్టర్లకు వాడేదీ ఎక్కువగా ఈ రకమే. చవక ధర విద్యుత్ స్కూటర్లలో మూత వేసిన సీసపు బాటరీలు నాలుగైదు వరుసగా కలిపి ఉంటాయి. ఇవి చాలా బరువు.

లిథియం బాటరీ కొత్త రకం. 1991లో జపాను దేశపు సోనీ సంస్థ దీనిని మొదట మార్కెట్టులోకి తెచ్చింది. దీనిని అభివృద్ధి చేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఇది తేలిక, ఎక్కువ కాలం మన్నుతుంది. కొన్ని బండ్లలో చేతితో బయటకు తీయవచ్చు.

ఈ రెండింటి పోషణ ఒకటి కాదు. సీసపు బాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచవలెను. ఖాళీగా వదిలితే లోపలి పలకల మీద గట్టి తెల్లని పొర పేరుకొని మళ్ళీ చార్జింగు ఎక్కదు. లిథియం బాటరీని వాడకుండా ఉంచవలసి వస్తే సగం చార్జింగుతో ఉంచుట మేలు. ఒక దాని చార్జరును రెండవ దానికి ఎట్టి పరిస్థితిలోను వాడరాదు.

దూరం లెక్క వేసుకొనుట

ఆవుకు దాణా లెక్క వేసినట్లే బండికి దూరం లెక్క వేసుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం.

60 వోల్టులు, 30 ఆంపియర్ అవర్ల లిథియం బాటరీ అనుకుందాం. 60ని 30తో హెచ్చిస్తే 1,800 వాట్ అవర్లు, అనగా 1.8 యూనిట్ల కరెంటు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు వేసుకుంటే పాల బరువే 41 కిలోలు. ఆ బరువుతో కిలోమీటరుకు 30 వాట్ అవర్లు ఖర్చయితే, కొత్త బాటరీ 60 కిలోమీటర్లు నడవాలి.

మూడేళ్ళు వాడిన తరువాత సామర్థ్యం అయిదింట నాలుగు వంతులకు తగ్గిందనుకుందాం. అప్పుడు 48 కిలోమీటర్లు. చివరి అయిదో వంతును నమ్ముకోకుండా వదిలిపెడితే చేతికి వచ్చేది 38 కిలోమీటర్లు. ఆ సభ్యుడు ఉదయం 18, సాయంత్రం 18, మొత్తం 36 కిలోమీటర్లు తిరుగుతాడు. వేసవిలో బండి ఆగలేదు కనుక బాటరీ బాగున్నదని అతడు అనుకున్నాడు.

ఇప్పుడు చలి వచ్చింది. 10 డిగ్రీల వద్ద లిథియం బాటరీ ఉజ్జాయింపుగా పదో వంతు తక్కువ ఇస్తుందని లెక్కించుకోవచ్చు. సున్న దగ్గర అయిదో వంతు దాకా తగ్గవచ్చు. సీసపు బాటరీకి తగ్గుదల ఇంకొంచెం ఎక్కువగానే ఉంటుంది. పదో వంతు పోతే 48 కాస్తా 43 అయింది. దానిలో అయిదో వంతు వదిలితే మిగిలేది 34. కావలసినది 36. బండి ఊరి పొలిమేరలో ఆగింది!

ఇక్కడ బాటరీ డిసెంబరులో చెడలేదు. మూడు వేసవుల ఎండలో కొంచెం కొంచెంగా తరిగింది. చలి దానిని బయటపెట్టింది. మన ప్రాంతంలో బాటరీకి అసలు శత్రువు ఎండ. చలికాలంలో ఫిర్యాదు చేసే సభ్యులు వేసవిలో బండిని ఎక్కడ నిలుపుతున్నారో ఒకసారి ఆలోచించవలెను. నీడన నిలిపిన బండికి చలికాలపు కష్టం తక్కువ.

ఈ సభ్యుడికి కొత్త బాటరీ అవసరం లేదు. ఉదయపు పాలు పోసి వచ్చిన తరువాత, వాతావరణం వెచ్చగా ఉన్న మధ్యాహ్న వేళ గంటన్నర చార్జింగు పెట్టుకుంటే చాలు. 5 ఆంపియర్ల చార్జరుతో గంటన్నరకు 7.5 ఆంపియర్ అవర్లు ఎక్కుతాయి. పన్నెండు కిలోమీటర్లకు పైగా దారి దొరుకుతుంది.

నడిపేటప్పుడు

బయలుదేరిన వెంటనే పూర్తి వేగం ఇవ్వరాదు. మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే బాటరీ తన పనితో తానే కొంత వెచ్చబడుతుంది. తక్కువ ఖర్చుతో నడిచే మీట ఉంటే దానినే వాడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కసారిగా మెలితిప్పక, నిదానంగా ఎక్కించాలి.

టైర్లలో గాలి చూసుకోవాలి. చలికి టైరులోని గాలి ఒత్తిడి తగ్గుతుంది. ప్రతి అయిదారు డిగ్రీలకు ఒక పౌను చొప్పున తగ్గుతుందని అంచనా. మెత్తబడిన టైరు మీద క్యాన్ల బరువు పడితే బాటరీ ఖర్చు మరింత పెరుగుతుంది. వారానికి ఒకసారి గాలి కొట్టించుకొనుట ఖర్చులేని మందు.

దారిలో బండి ఆగితే పదే పదే బలవంతంగా నడపరాదు. ఆపి, పది నిమిషాలు ఉంచితే వోల్టేజి కొంత తేరుకుంటుంది. తరువాత నెమ్మదిగా దగ్గరలోని ఊరికి చేర్చుకోవచ్చు.

చార్జింగు పెట్టేటప్పుడు

సాయంత్రపు పాలు పోసి ఇల్లు చేరగానే బాటరీ గోరువెచ్చగా ఉంటుంది. ఒక పావుగంట, అరగంట ఆగి, రాత్రి చలి ముదరకముందే చార్జింగు పెట్టుట అన్నిటికన్న మంచి పద్ధతి. ఏడు గంటలకు పెడితే చాలా బండ్లకు పడుకునే వేళకు పూర్తవుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, రాత్రంతా వాకిట చల్లబడిన బాటరీకి చార్జింగు పెట్టడం చెడ్డ అలవాటు. అందరూ నిద్రించే వేళ చార్జింగులో వదిలివేయడం అంతకన్న చెడ్డది.

బయటకు తీయగల బాటరీ అయితే రాత్రి ఇంటిలోపల ఉంచవచ్చు. చల్లని బాటరీని వెచ్చని గదిలోకి తెచ్చినప్పుడు దాని మీద చెమ్మ పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, అరగంటకు పైగా ఆరనిచ్చి, అప్పుడే చార్జరు తగిలించాలి. బయటకు తీయలేని రకమైతే బండిని వసారాలో గాలి తగలని గోడ వారగా నిలిపి, సీటు కింది భాగాన్ని గోనెపట్టాతో కప్పవచ్చు. చార్జింగు పెట్టే సమయంలో మాత్రం గోనె తీసివేయాలి.

పశువుల కొట్టం రాత్రిపూట వెచ్చగా ఉంటుందని కొందరు బండిని అక్కడ నిలిపి, అక్కడే చార్జింగు పెడుతున్నారు. ఇది సరి కాదు. ఎండుగడ్డి ఒక ప్రమాదం. పశువుల మూత్రం నుండి లేచే అమోనియా వాయువు రాగి తీగలను, కొనలను తినివేస్తుంది. తడి నేల మరొక ప్రమాదం. అదే విధంగా పాలకేంద్రంలో క్యాన్లు కడిగే చోట చార్జింగు పెట్టరాదు. సీసపు బాటరీ చార్జి అయ్యేటప్పుడు మండే హైడ్రోజను వాయువు వెలువడవచ్చు కనుక మూసిన గదిలో పెట్టరాదు.

నిప్పు దగ్గరకు తీసుకొని పోరాదు

బాటరీని నెగడు దగ్గర, కుంపటి దగ్గర, పొయ్యి గట్టు మీద పెట్టి వెచ్చచేయుట అత్యంత ప్రమాదకరం. వేడినీటి సంచితో కాచుట కూడా తగదు. బాటరీ ఒక వైపు కాలి, మరొక వైపు చల్లగా ఉంటుంది. హద్దు దాటిన వేడికి లిథియం బాటరీ లోపలి పొరలు కరిగి, తనంత తానే మండడం ఆరంభిస్తుంది. ఆ మంటను ఆర్పడం కష్టం. దాని పొగ విషం. వెచ్చని గది, మధ్యాహ్నపు వెచ్చదనం, బండి నడక, బాటరీకి ఈ మూడే తగిన కాపడం.

2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులోను, విజయవాడలోను ఇళ్ళలో చార్జింగుకు పెట్టిన స్కూటరు బాటరీలు పేలి ప్రాణనష్టం జరిగిన సంగతి సభ్యులకు తెలిసే ఉంటుంది. తరువాత కేంద్ర ప్రభుత్వం బాటరీ భద్రతా నియమాలను కఠినం చేసింది. ఏ.ఐ.ఎస్. 156 అనే ఈ ప్రమాణపు సవరణ 2022 డిసెంబరు 1 నుండి మొదటి దశగా, 2023 మార్చి 31 నుండి రెండవ దశగా అమలులోకి వచ్చింది. కొత్త బండి గాని, బాటరీ గాని కొనే సభ్యులు ఈ ప్రమాణానికి లోబడినదా అని అడిగి, బిల్లు తీసుకొని భద్రపరచుకొనవలెను.

బాటరీ ఉబ్బినా, ద్రవం కారినా, ఘాటైన వాసన వచ్చినా, చార్జింగులో చేయి పెట్టలేనంత వేడెక్కినా దానిని ఇంటిలో ఉంచరాదు. పడకగదిలోను, బయటకు పోయే ద్వారానికి అడ్డంగాను చార్జింగు ఎన్నడూ పెట్టరాదు. ఎర్తు ఉన్న మూడు రంధ్రాల ప్లగ్గునే వాడాలి.

బాటరీ నిజంగా చెడినదా? మీరే పరీక్షించండి

కొత్త బాటరీ కొనే ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. ఒక రోజు బాటరీని నిండుగా చార్జి చేసి, తెల్లవారుజామున మామూలు బరువుతో, మామూలు దారిలో తిరిగి, ఎంత చార్జింగు ఖర్చయినదో రాసుకోండి. మరొక రోజు అదే బరువుతో, అదే దారిలో మధ్యాహ్నం ఎండలో తిరిగి రాసుకోండి. వెన్న శాతం చూడకుండా పాలకు ధర కట్టరు కదా! కొలవకుండా బాటరీని చచ్చిందనడమూ అంతే.

మధ్యాహ్నం ఖర్చు మామూలుగానే ఉంటే బాటరీ బాగానే ఉన్నది, చలికి మందగించింది. మధ్యాహ్నం కూడా దూరం రాకపోతే సర్వీసు కేంద్రంలో చూపించాలి. బాటరీ పెట్టెలో చిన్న ఘటాలు పలు వరుసగా ఉంటాయి. పులిసిన ఒక్క క్యాను పాలు కూలరు మొత్తాన్ని చెడగొట్టినట్లు, ఒక్క బలహీన ఘటం పెట్టె మొత్తాన్ని ఆపగలదు. ఊరి మెకానిక్కు చేత పెట్టె విప్పించరాదు. ప్రమాదం ఒకటి, గ్యారంటీ పోవడం మరొకటి.

పండుగకు ఊరు వెళ్ళి కొన్నాళ్ళు బండిని వాడకపోతే, లిథియం బాటరీని సగం చార్జింగుతో చెమ్మలేని చోట ఉంచాలి. సీసపు బాటరీని నిండుగా చార్జి చేసి ఉంచి, నెలకొకసారి మళ్ళీ నింపాలి. పనికిరాని బాటరీని పగలగొట్టరాదు, పాత ఇనుము వారికి అమ్మరాదు. 2022 నాటి బాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది. కావున అమ్మిన దుకాణంలోనే అప్పగించవలెను.

సంఘం చేయదగిన పని

విద్యుత్ బండ్లు ఎక్కువగా ఉన్న సంఘాలలో పాలకవర్గం ఒక చిన్న ఏర్పాటు చేయవచ్చు. కేంద్రం వెలుపల, పైకప్పు కింద, పొడి నేల మీద, ఎర్తు సరిగా ఉన్న రెండు ప్లగ్గులు పెట్టించి, దానికి విడిగా మీటరు అమర్చి, వాడిన యూనిట్లను సభ్యుని పాల బిల్లులో తగ్గించుకోవచ్చు. దూరపు తండాల నుండి అయిదారు ఇళ్ళ పాలు ఒకే బండి మీద తెచ్చే చోట ఇది ఎంతో మేలు. ఆ ఒక్క బండి ఆగితే అయిదారు ఇళ్ళ పాలూ ఆగుతాయి. సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చించదగినది.

గుర్తుంచుకొనవలసినవి

1. చలిలో దూరం తగ్గడం సహజం. బాటరీ చెడినట్లు కాదు.

2. సాయంత్రం బాటరీ వెచ్చగా ఉండగానే చార్జింగు పెట్టాలి. చాలకపోతే మధ్యాహ్నం మరికొంత పెట్టాలి.

3. చల్లబడిన బాటరీకి తెల్లవారుజామున చార్జింగు పెట్టరాదు.

4. నిప్పుతో వెచ్చచేయరాదు. గడ్డి దగ్గర, పడకగదిలో చార్జింగు వద్దు.

5. బాటరీకి తగిన చార్జరునే వాడాలి.

6. టైర్లలో గాలి వారం వారం చూడాలి.

7. పరీక్షించనిదే కొత్త బాటరీ కొనరాదు.

8. వేసవిలో బండిని నీడన నిలపాలి. అదే చలికాలానికి మొదటి జాగ్రత్త.

సభ్యులు ఈ విషయాలను ఇంటిలో బండి నడిపే పిల్లలకు, ఆడవారికి కూడా చెప్పవలసినదిగా కోరుతున్నాము. సంఘ కార్యదర్శులు చివరి ఎనిమిది అంశాలను కేంద్రం నోటీసు బోర్డు మీద రాయించినచో అందరికీ ఉపయోగం.